గోడ లేవకముందే గొడవ పడాలి

44వ నంబరు జాతీయ రహదారి మీద ఆర్మూరు వైపు నుంచి వస్తుంటే డిచ్‌పల్లి చౌరస్తాకు అటూ ఇటూ కొత్త ఇళ్లు లేస్తూనే ఉంటాయి. కొన్ని పసుపు అమ్మిన పైసలతో, కొన్ని దుబాయి, మస్కట్‌ల నుంచి పంపిన పైసలతో, కొన్ని బ్యాంకు లోనుతో. తెలంగాణ విశ్వవిద్యాలయం ఇక్కడికి వచ్చాక అద్దె గదుల లెక్కతో లేచినవి మరికొన్ని. పైసలు ఎక్కడివైనా కట్టే తీరు మాత్రం ఒక్కటే. ప్లాను ఒకాయన గీస్తాడు. వాస్తు చూసే ఆయన వచ్చి మెట్లు జరుపుతాడు. మేస్త్రీ చదరపు అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్టు పట్టుకుంటాడు. సెంట్రింగ్ వాళ్లు వేరు, రాడ్ బెండింగ్ వాళ్లు వేరు, కరెంటు పని ఒకరిది, నల్లా పైపులు ఇంకొకరివి. టైల్స్ వేసేవాళ్లు ఏ రాజస్థాన్ నుంచో దిగుతారు. అందరూ చేసేది ఒకే ఇంటి పని. అందరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్న రోజు మాత్రం వెతికినా దొరకదు.

దాని ఫలితం స్లాబు పడ్డాక బయటపడుతుంది. మా బంధువుల ఇంట్లో పై అంతస్తు బాత్రూం దగ్గర సుత్తి చప్పుడు వినిపిస్తే వెళ్లి చూశాను. పైపుల పని చేసే కుర్రాడు బీమును సుత్తీ శానంతో కొడుతున్నాడు. కాంక్రీటు పెచ్చులు లేచి, లోపలి ఇనుప కడ్డీ తేలింది.

"బీమును కొడుతున్నవేంది?" అన్నాడు ఇంటాయన.

"గీడికెళ్లే పైపు దిగాలె అన్నా. బాత్రూం గీడ వెట్టుమన్నది మీరే గద."

మేస్త్రీని పిలిచారు. "బీము ఏడ రావాల్నో కాయితం మీద ఉన్నది, ఆడనే వోసినం. పైపు సంగతి నాకెవ్వలు చెప్పిండ్రు?" అన్నాడు. ప్లాను గీసినాయనకు ఫోన్ చేస్తే, తాను గీసింది పర్మిషన్ కోసమనీ, పైపులు ఎక్కడ దిగాలో తననెవరూ అడగలేదనీ చెప్పాడు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరి పని వాళ్లు చేశారు. ఇల్లు మాత్రం దెబ్బతింది.

ఇళ్లలో వచ్చే లోపాలను గమనిస్తే చాలావాటి పుట్టుక ఇలాగే ఉంటుంది. మేస్త్రీ పనికీ ప్లంబరు పనికీ నడుమ, ప్లానుకీ ఇనుముకీ నడుమ, వాస్తుకీ మెట్లకీ నడుమ ఎవరిదీ కాని చోటు ఒకటి మిగిలిపోతుంది. నీరు కారేది అక్కడే, పగులు వచ్చేది అక్కడే, డబ్బు పోయేదీ అక్కడే. ఆ చోటును ఎలా పూడ్చాలన్న ప్రశ్నకు ప్రపంచంలో రెండు మూడు చోట్ల మంచి జవాబులు దొరికాయి. వాటిలో డిచ్‌పల్లికి పనికొచ్చేది ఏదో, రానిది ఏదో చూడాలి.

ఒకే కప్పు కింద

హైదరాబాద్‌లో నేను పనిచేసే సంస్థ డిజైనూ చేస్తుంది, కట్టీ ఇస్తుంది. ఆర్కిటెక్టులు, స్ట్రక్చరల్ ఇంజనీర్లు, కరెంటు, ప్లంబింగ్, ఏసీ డిజైన్ చేసేవాళ్లు, ఖర్చు లెక్కకట్టే క్వాంటిటీ సర్వేయర్లు, సైటు నడిపేవాళ్లు ఒకే అంతస్తులో కూర్చుంటారు. బయటివాళ్లు ఈ ఆఫీసును ఊహించుకునేటప్పుడు అందమైన బొమ్మలు గీసుకునే చోటు అనుకుంటారు. లోపల జరిగేది ఎక్కువగా గొడవ. వారానికోసారి కో-ఆర్డినేషన్ మీటింగు ఉంటుంది. అందరి డ్రాయింగులనూ కంప్యూటర్‌లో ఒకదానిమీద ఒకటి పరిచి, ఏది దేనికి తగులుతోందో చూస్తారు. తగిలిన ప్రతిచోటా ఒకరు వెనక్కి తగ్గాలి. ఎవరు తగ్గాలన్నదే గొడవ.

ఒక ఆసుపత్రి భవనం సంగతి చెబుతాను. అంతస్తు ఎత్తు 3300 మిల్లీమీటర్లు. బీము లోతు స్లాబుతో కలిపి 600. బీము కింద మిగిలేది 2700. దాని కింది నుంచి ఏసీ డక్టు వెళ్లడానికి 350, దాన్ని వేలాడదీయడానికి ఇంకో 50. అంటే మిగిలేది 2300. ఆర్కిటెక్టుకు కావలసిన సీలింగు ఎత్తు 2600. ఒక అడుగు ఎక్కడా దొరకడం లేదు. డక్టును బీములోంచే తీసుకెళ్లమన్నాడు ఆర్కిటెక్టు. 600 బీములో 350 రంధ్రం పెడితే ఇక బీము ఎందుకని స్ట్రక్చరల్ ఇంజనీరు. పోనీ అంతస్తు ఎత్తే అడుగు పెంచుదామని ఏసీ ఇంజనీరు. అప్పటిదాకా నోరు విప్పని క్వాంటిటీ సర్వేయరమ్మ లెక్క ఎత్తుకుంది. అడుగు పెరిగితే అంతస్తుకు రెండు మెట్లు పెరుగుతాయి. మెట్ల వరసకు ఒకటి చొప్పున పంచినా మెట్లగది ఒక అడుగు పొడుగవుతుంది, పక్క గది తలుపు జరగాలి. ప్రతి అంతస్తులో గోడ, ప్లాస్టరింగు, పైపులు అన్నీ అడుగు చొప్పున పెరుగుతాయి.

చివరికి దారి చూపింది సైటు ఇంజనీరు. పెద్ద డక్టు పోయేది వరండాలో. స్ట్రెచర్లు తిరగాలి కాబట్టి దాని వెడల్పు 2400. అంత చిన్న దూరానికి గదుల మీద వేసినట్టు 600 లోతు బీము ఎందుకు? 300 సరిపోతుందా? స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క చూసి సరిపోతుందన్నాడు. 3300లోంచి 300, డక్టుకు 400 తీసేస్తే సరిగ్గా 2600. అంతస్తు పెరగలేదు, బీముకు రంధ్రం పడలేదు, సీలింగు కిందికి రాలేదు. ఇంకా కొంత కాంక్రీటు మిగిలింది. గంటకు పైగా నడిచిన ఆ గొడవ స్లాబు పడ్డాక జరిగి ఉంటే, డిచ్‌పల్లి బాత్రూం దగ్గర వినిపించిన సుత్తి చప్పుడే అక్కడా వినిపించేది.

ఇలాంటి ఆఫీసులో పనిచేసేవాడు మొదట నేర్చుకోవాల్సింది తన విద్య కాదు, పక్కవాడి ఇబ్బంది. ప్లంబరు పైపుకు వాలు ఎందుకు కావాలో తెలియని స్ట్రక్చరల్ ఇంజనీరు, బీముకు రంధ్రం ఎక్కడ పెడితే ప్రమాదమో తెలియని ప్లంబింగ్ ఇంజనీరు ఎంత చదివినా ఇక్కడ సగం మనుషులే.

షికాగో నుంచి దుబాయి దాకా

ఇలా రకరకాల విద్యలవాళ్లను ఒకే సంస్థలో కూర్చోబెట్టిన పాతవాళ్లలో షికాగో సంస్థ స్కిడ్‌మోర్, ఓయింగ్స్ అండ్ మెరిల్ ఒకటి. 1936లో పుట్టింది. 1955లో ఢాకా నుంచి వచ్చిన ఒక యువ ఇంజనీరు అందులో చేరాడు. పేరు ఫజ్లుర్ రహమాన్ ఖాన్. అక్కడి ఆర్కిటెక్టు బ్రూస్ గ్రాహమ్‌తో కలిసి ఆయన చేసిన పని ఎత్తైన భవనాల చరిత్రనే మార్చింది. అప్పటిదాకా ఆర్కిటెక్టు రూపం గీస్తే దాన్ని నిలబెట్టడం ఇంజనీరు పని. వీళ్లిద్దరూ ఆ వరస తప్పించారు. 1969లో పూర్తయిన జాన్ హ్యాంకాక్ సెంటర్ 100 అంతస్తుల భవనం. గాలి ఒత్తిడిని తట్టుకోవడానికి వేసిన పెద్ద ఇంటూ ఆకారపు ఇనుప పట్టీలను దాచకుండా బయటికే వదిలేశారు. అదే దాని బలం, అదే దాని అందం. ఏది ఇంజనీరుది, ఏది ఆర్కిటెక్టుది అని ఇప్పుడు విడదీయలేం. 110 అంతస్తుల సియర్స్ టవర్ కూడా ఆ ఇద్దరిదే.

అదే సంస్థ నుంచి వచ్చిందే దుబాయిలోని బుర్జ్ ఖలీఫా. 828 మీటర్లు, 2010 జనవరి 4న తెరిచారు. ఆర్కిటెక్టు ఏడ్రియన్ స్మిత్, స్ట్రక్చరల్ ఇంజనీరు బిల్ బేకర్. నమూనాను విండ్ టన్నెల్‌లో పెట్టి గాలి ఎలా తగులుతుందో పరీక్షించి, దాన్ని బట్టి భవనం అంచెలంచెలుగా సన్నబడే వరసనూ అది నిలిచే దిశనూ మార్చుకున్నారు. గాలి లెక్క తేలాకే రూపం ఖాయమైంది. గీసిన రూపానికి గాలిని తట్టుకునే శక్తి తర్వాత అతికించలేదు.

ఈ దుబాయి కబురు డిచ్‌పల్లివాళ్లకు దూరపుది కాదు. నిజామాబాద్ జిల్లా నుంచి గల్ఫ్ సైట్లకు పోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. సెంట్రింగ్ చేసినవాళ్లు, రాడ్ బెండింగ్ చేసినవాళ్లు, పైపు ఫిట్టర్లు, ఫోర్‌మన్లయిన వాళ్లూ ఉన్నారు. అక్కడి పెద్ద సైట్లలో సంతకాలు కాకుండా కాంక్రీటు పడదు. షట్టరింగు చూసినవాడు, ఇనుము చూసినవాడు, కరెంటు పైపులు చూసినవాడు, నీళ్ల పైపుల స్లీవ్‌లు చూసినవాడు వరసగా ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. మన దేశంలోని పెద్ద సైట్లలోనూ ఇదే పద్ధతి, దాన్ని పోర్ కార్డు అంటారు. ఒక్క సంతకం తక్కువైనా కాంక్రీటు లారీ గేటు బయట ఆగిపోతుంది. పదేళ్లు ఆ కాగితం చూసి పనిచేసినవాడు సెలవు మీద ఊరికొచ్చి సొంతిల్లు మొదలుపెడితే, ఆ కాగితం మాత్రం రాదు. ఇక్కడి పద్ధతి ఇక్కడిదే అనుకుంటాడు. తాను నేర్చిన పాఠం తన ఇంటికే పనికిరాదనుకోవడం కంటే నష్టం ఏముంటుంది?

పునాది తొందర

పెద్ద సంస్థలుంటే చాలు, అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. సిడ్నీ ఒపేరా హౌస్ కథ అందరికీ తెలిసినా, మనకు పనికొచ్చే ముక్క మాత్రం తక్కువమందికి తెలుసు. 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జన్ గీసిన బొమ్మ పోటీలో గెలిచింది. తెరచాపల్లా లేచే ఆ కప్పులను ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ తెలియదు. స్ట్రక్చరల్ పని ఓవ్ అరప్ సంస్థది. ఆ రోజుల్లో అంతకంటే పేరున్న ఇంజనీర్లు తక్కువ. అయినా రాజకీయ తొందర గెలిచింది. కప్పు లెక్క తేలకుండానే 1959లో కింది అరుగు పని మొదలైంది. కప్పులన్నిటినీ ఒకే గోళం నుంచి కోసిన ముక్కలుగా చేయవచ్చన్న దారి 1961 దాకా దొరకలేదు. దొరికాక లెక్క చూస్తే, అప్పటికే వేసిన స్తంభాలు ఆ కప్పు బరువు మోయలేవు. వాటిని తీసి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఖర్చుల మీద ప్రభుత్వంతో పొసగక 1966లో ఉట్జన్ పని వదిలేసి వెళ్లిపోయాడు. పూర్తయిన భవనాన్ని ఆయన ఎన్నడూ కళ్లారా చూడలేదు. 70 లక్షల డాలర్లతో 1963కల్లా అయిపోతుందనుకున్నది 1973లో, 10 కోట్ల 20 లక్షల డాలర్లకు తేలింది.

ముహూర్తం ఉందనో, సెలవు అయిపోతుందనో, పసుపు పైసలు చేతిలో ఉండగానే మొదలుపెట్టాలనో స్లాబు డ్రాయింగు లేకుండా గుంతలు తవ్వేవాళ్లు మన దగ్గర ఎంతమంది లేరు? పిల్లర్లు గ్రౌండ్ ఫ్లోరుకే వేసి, పైకి కడ్డీలు వదిలిపెడతారు. ఏళ్లు గడిచాక పిల్లలు పెద్దవాళ్లయి రెండో అంతస్తు, మూడో అంతస్తు లేపుతారు. కింద ఉన్నది నల్లరేగడి నేలా, మొరమా? ఆ పునాది ఎన్ని అంతస్తులకు లెక్కవేసింది? ఆ కాగితం ఇంట్లో ఉందా? తుప్పు పట్టిన ఆ కడ్డీలు ఏం జవాబు చెబుతాయి? సిడ్నీలో తప్పు తెలిసింది కాబట్టి స్తంభాలు తీసి మళ్లీ కట్టారు. మన దగ్గర తెలుసుకునే లెక్కే ఉండదు.

మేస్త్రీకి కుర్చీ

షికాగో పద్ధతిలో ఒక లోటు ఉంది. బల్ల చుట్టూ చదువుకున్నవాళ్లే ఉంటారు. ఇటుక మీద ఇటుక పెట్టేవాడు ఉండడు. మా ఆఫీసులోనూ అంతే. గంటలకొద్దీ వాదించి తేల్చిన డ్రాయింగు చివరికి ఎవరి చేతికి పోతుందో, ఆ చేయి ఆ గదిలోకి ఎన్నడూ రాదు. ఈ లోటు పూడ్చినవాళ్లు కేరళలో కనిపిస్తారు.

లారీ బేకర్ 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి అక్కడే ఆర్కిటెక్చర్ చదివాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చైనాలో కుష్ఠురోగులకు సేవ చేశాడు. తిరుగు ప్రయాణంలో బొంబాయిలో గాంధీజీని కలిశాడు. 1945లో మళ్లీ భారతదేశానికి వచ్చింది కూడా కుష్ఠురోగుల సేవా సంస్థ తరఫున, పాత ఆశ్రమాలను ఆసుపత్రులుగా మార్చే పని మీదే. డిచ్‌పల్లివాళ్లకు ఈ పని విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు. స్కాట్లండ్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో తెరిచిన విక్టోరియా కుష్ఠురోగుల ఆసుపత్రి ఈ ఊళ్లోనే ఉంది. దానికి డబ్బు ఇచ్చి ఆదుకున్నది రాజా నర్సాగౌడ్. వైద్యం తెలిసిన మనిషి, డబ్బున్న మనిషి, ఇంటింటికీ తిరిగి రోగులను ఒప్పించే మనుషులు కలిస్తే ఒక సంస్థ నిలబడుతుందని ఈ ఊరికి శతాబ్దం కిందటే తెలుసు.

బేకర్ హిమాలయాల్లో పితోరాగఢ్ దగ్గర పదిహేనేళ్లకు పైగా ఉండి, అక్కడి రాయి, మన్ను, కట్టెలతో పనిచేస్తూ స్థానిక మేస్త్రీల దగ్గర మళ్లీ చదువు మొదలుపెట్టాడు. 1970 ప్రాంతాల్లో తిరువనంతపురం చేరాడు. ఆర్థికవేత్త కె.ఎన్.రాజ్ నెలకొల్పిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణం ఆయన పేరును నిలబెట్టింది. నేల వాలును, చెట్లను చెడగొట్టకుండా వాటి మధ్య నుంచే గోడలు తీసుకెళ్లాడు. కిటికీ బదులు ఇటుకల జాలీ. ప్లాస్టరింగు లేని ఇటుక. డ్రాయింగు కన్నా ఎక్కువ నిర్ణయాలు సైటులో, మేస్త్రీ పక్కన నిలబడి తీసుకున్నవే.

ఆయన వాడిన పద్ధతుల్లో రెండు చూస్తే, మేస్త్రీతో కూర్చోవడం ఎందుకు లాభమో తెలుస్తుంది. ఒకటి ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకలను పరుండబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు. తొమ్మిదంగుళాల గోడ మందం అలాగే ఉంటుంది, మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు నాలుగో వంతు మిగులుతాయి. ఆ ఖాళీలోని గాలి ఎండ వేడిని లోపలికి రానివ్వదు. రెండోది ఫిల్లర్ స్లాబ్. వంగే స్లాబులో కింది భాగం సాగుతుంది. ఆ సాగదీతను మోసేది ఇనుము, కాంక్రీటు కాదు. కాబట్టి కడ్డీల నడుమ కాంక్రీటు బదులు పాత పెంకులు పెట్టి బరువూ ఖర్చూ తగ్గిస్తారు. మొదటిదానికి ఇటుక పనితనం కావాలి, రెండోదానికి ఇంజనీరు లెక్క కావాలి. ఇద్దరూ ఒకరినొకరు నమ్మకపోతే రెండూ కాగితం మీదే ఉంటాయి.

ఒక్క మనిషి ప్రతిభ మీద నడిచేది ఆ మనిషితోనే పోతుంది. అలా పోకుండా 1985లో త్రిశ్శూరు కేంద్రంగా కాస్ట్‌ఫోర్డ్ అనే సంస్థ పుట్టింది. కేరళ మాజీ ముఖ్యమంత్రి సి.అచ్యుత మేనన్, కె.ఎన్.రాజ్, బేకర్, టి.ఆర్.చంద్రదత్ దాని వెనుక ఉన్నవాళ్లు. ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు, మేస్త్రీలు ఒకే సంస్థ మనుషులుగా డిజైన్ చేసి, కట్టి ఇస్తారు. గోడ వంకరైతే ప్లానును తిట్టే వీలు మేస్త్రీకి లేదు, మేస్త్రీని తిట్టే వీలు ఇంజనీరుకు లేదు. ఇంటి యజమానికి ఒకే తలుపు. అదే కాలంలో కొల్లం జిల్లాలో తక్కువ ఖర్చు కట్టడాలు నేర్పే నిర్మితి కేంద్రం మొదలై, తర్వాత కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ రుణ సంస్థ హడ్కో చొరవతో దేశంలో చాలాచోట్లకు పాకింది. బేకర్ 2007లో చనిపోయాక కూడా కాస్ట్‌ఫోర్డ్ కడుతూనే ఉంది. అసలు పాఠం అక్కడుంది.

మనదీ ఒక లెక్క

ఇదంతా బయటి విద్య అనుకోనక్కర్లేదు. డిచ్‌పల్లి గుట్ట మీది రామాలయాన్ని ఇందూరు ఖజురాహో అంటారు. ఆ స్తంభాలు, దూలాలు, వాటి మీది బొమ్మలు చూడండి. రాయి మీద రాయి కూర్చే కట్టడంలో, చెక్కాక అంగుళం తక్కువైతే అతుకు వేసే వీల్లేదు. స్తంభం చెక్కే శిల్పి, దూలం ఎత్తే మనిషి, కొలత పట్టే స్థపతి ముందే లెక్క కలుపుకోవాలి. కాంక్రీటు వచ్చాక మనకు పగలగొట్టి పూడ్చే సౌకర్యం దొరికింది. ఆ సౌకర్యమే మనల్ని చెడగొట్టింది.

నిజాం కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీ కట్టడానికి ముందు ఆర్కిటెక్టులు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాలను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించారు. 1934 జూలై 5న శంకుస్థాపన, 1939 డిసెంబర్ 4న ప్రారంభం. చూసి రావడానికి, గీయడానికి, వాదించుకోవడానికి సమయం తీసుకున్నాకే రాయి కదిలింది. మొదలయ్యాక అయిదున్నర ఏళ్లలో అంత కట్టడం పూర్తయింది.

పసుపు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఉడకబెట్టేది ఒకరు, ఆరబెట్టేది ఒకరు, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టేది ఇంకొకరు కావచ్చు. కానీ ఉడకడం తేడా వస్తే ఆరేటప్పుడు తెలుస్తుంది, అది మార్కెట్ యార్డులో ధరకు తగులుతుంది. అందుకే మొదటి నుంచి చివరిదాకా రైతు కన్ను ఒకటి దాని మీదే ఉంటుంది. ఇంటి పనిలో ఆ కన్ను ఎవరిది?

రానివి, వచ్చేవి

కేరళ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే తిప్పలే. ర్యాట్ ట్రాప్ గోడకు కొలత తప్పని మంచి ఇటుక కావాలి. వంకర టింకర ఇటుకలతో కడితే మిగిలిన ఇటుక ఖర్చు మసాలాలో పోతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఈ జిల్లాలో వాన నుంచి కాచుకోవడం కంటే పడమటి ఎండ నుంచి కాచుకోవడం ముఖ్యం. గాలాడే జాలీ గోడ అక్కడ హాయి. ఇక్కడ మే నెల వడగాలికి ఏ వైపు పెట్టాలో ఆలోచించి పెట్టాలి. పెంకుల ఫిల్లర్ స్లాబు మీద ఇంకో అంతస్తు వేయాలంటే ముందే ఇంజనీరు లెక్క ఉండాలి.

డిజైనూ నిర్మాణమూ ఒకరివే అయినప్పుడు మరో ప్రమాదం ఉంది. చేసినవాడే చూసేవాడవుతాడు. ఇనుము తగ్గించి లాభం పెంచుకుందామనే కాంట్రాక్టరుకు డిజైనర్ కూడా సొంతవాడే అయితే అడ్డుకునేవాడు ఎవరు? పిల్లర్‌లో కడ్డీకి చుట్టూ 40 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలని మన కోడ్ చెబుతుంది. కవర్ బ్లాకులు పెట్టకుండా పోస్తే బయటి నుంచి తెలియదు, పదేళ్లకు తుప్పు చెబుతుంది. అందుకే పెద్ద సంస్థలు కూడా ముఖ్యమైన స్ట్రక్చరల్ లెక్కలను బయటి ఇంజనీరుతో మళ్లీ చూపించుకుంటాయి. కలిసి పనిచేయాలి కానీ కలిసి కళ్లు మూసుకోకూడదు.

అన్నిటికంటే తేలేనిది అలవాటు. మన సైటులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది ఇంజనీరు, ఇంటాయన. మేస్త్రీ నిలబడి వింటాడు. ప్లంబరు గేటు దగ్గర ఉంటాడు. కూలివాళ్లు మాట్లాడనే మాట్లాడరు. ఆ ఇంట్లో రోజంతా తిరగాల్సిన ఆడవాళ్లు లోపలి నుంచి చాయ్ పంపుతారు. వంటగది బండ ఎత్తు, మోరీ వాలు, బట్టలు ఆరేసే చోటు వాళ్లకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? తెలిసినవాడు నిలబడి, తెలియనివాడు కూర్చున్న చోట ఎన్ని డ్రాయింగులున్నా సుత్తి చప్పుడు తప్పదు.

మరి వచ్చేది ఏది? డిచ్‌పల్లికి షికాగో కంపెనీ అక్కర్లేదు, పెద్ద ఆఫీసూ అక్కర్లేదు. ఆరుగురు చాలు. సివిల్ డిప్లొమా చదివి నిజామాబాద్‌లో పని వెతుక్కుంటున్న ఒక కుర్రాడు, స్ట్రక్చరల్ లెక్క చూసే ఒక ఇంజనీరు, గల్ఫ్ సైటులో ఫోర్‌మన్‌గా చేసి వచ్చిన ఒకాయన, ఊళ్లో పేరున్న మేస్త్రీ, కరెంటు, పైపుల పని తెలిసిన ఇద్దరు. వీళ్లు ఒక జట్టుగా ఒప్పుకుని, ఇంటికి ఒకే కాంట్రాక్టు రాసి, తప్పు ఎక్కడ జరిగినా జట్టే సరిచేస్తుందని రాసిస్తే చాలు. మాదాపూర్‌లో 1998లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ మేస్త్రీలకు, కరెంటు పనివాళ్లకు, ప్లంబర్లకు, ఇంజనీర్లకు కూడా శిక్షణ ఇస్తుంది. అక్కడ ఎవరి విద్య వాళ్లు నేర్చుకుంటున్నారు. ఒకరి డ్రాయింగు ఒకరు చదవడం కూడా నేర్పితే సగం పని అయినట్టే.

జట్టు దొరకకపోయినా ఇంటాయన ఒక్కడే చేయగలిగింది ఒకటుంది. ముగ్గు పోసే ముందు ఈ మనుషులందరినీ ఒకపూట పిలవాలి. ఇంటి ఆడవాళ్లతో సహా అందరూ కూర్చోవాలి. నేల మీద సుద్దతో గదులు గీసి, బాత్రూం పైపు ఎక్కడ దిగుతుందో, మోరీ ఎటు పోతుందో, ఏ బీములో ఏ స్లీవ్ ఎక్కడ పెట్టాలో, బోరు వైరు ఎటు వస్తుందో, వాస్తు ప్రకారం మెట్లు జరిగితే ఏ పిల్లర్ జరుగుతుందో అక్కడే తేల్చుకోవాలి. వాస్తు చూసే ఆయన కూడా ఆ రోజే రావాలి, పిల్లర్లు లేచాక కాదు. తేలిన సంగతులు ఒక కాగితం మీద రాసి, ప్రతి స్లాబు ముందు ఆ కాగితం తీసి, సెంట్రింగ్, ఇనుము, కవర్ బ్లాకులు, కరెంటు పైపులు, నీళ్ల స్లీవ్‌లు చూసినవాళ్ల చేత సంతకం లేదా వేలిముద్ర వేయించుకోవాలి. అయిదు గుర్తులు పడే దాకా మిక్సర్ తిరగకూడదు.

దీనికి అయ్యే ఖర్చు ఎంత? వచ్చిన అందరికీ ఒక రోజు కూలి, ఇంజనీరుకు ఫీజు, ఒకపూట భోజనం. ఒక బీమును శానంతో కొట్టి, కడ్డీ తేలాక పూడ్చి, కిందికి నీరు కారితే మళ్లీ పగలగొట్టి, పై పెచ్చు రాలాక మళ్లీ పూసే ఖర్చు పక్కన పెట్టి చూస్తే ఇది లెక్కలోకే రాదు. అయినా మన ఇళ్ల ఖర్చు పుస్తకాల్లో మొదటి పద్దు సిమెంటుదో ఇసుకదో అయి ఉంటుంది. ఇక నుంచి ఆ మొదటి పద్దు ఆ ఒక్క రోజు కూలిది కావాలి. మేస్త్రీ, ప్లంబరు, ఇంజనీరు ఆ రోజు గొంతులు పెంచి వాదించుకున్నా అడ్డుపడొద్దు. అప్పటికింకా గోడ లేవలేదు కాబట్టి, ఆ వాదనలో ఓడినవాడికి పోయేది మాట ఒక్కటే.